నాలుగు రోజుల నీళ్లు

పడవ షికారు రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురం. వంటింట్లో డబ్బాలు సర్దుతున్న అత్తయ్య, మంచం మీద కూర్చుని తన చెప్పులు ఎవరో తీశారని గొణుగుతున్న అమ్మమ్మ, పెరట్లో తెడ్లకి నూనె రాస్తున్న మామయ్య, సెలవులకి వచ్చి మూలగదిలో డైరీ ముందేసుకుని కూర్చున్న నేను. చెప్పులు అమ్మమ్మ కాళ్లకే ఉన్నాయి. ఆ సంగతి నేను చెప్పేలోపే అత్తయ్య చెప్పేసింది. నాకెప్పుడూ అంతే. మాట నోటిదాకా వచ్చేసరికి ఇంకెవరో అనేస్తారు.

మామయ్య వడ్రంగి. ఇరవై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేసి చేసి విసిగిపోయాడు. తన చేతి మీదుగా పడవలు నీళ్లలోకి దిగాలని ఆయన కోరిక. ఈ ఊళ్లో ఏడాదికో ఆదివారం ఆరు చిన్న పడవలు కలిసి నది మీద షికారుకి వెళ్తాయి. అందరినీ కూడగట్టేది ఆసుపత్రిలో పనిచేసే పెద్ద నర్సుగారు. ఆరింట్లో ఒకటి పాడైపోతే మామయ్య దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు నెలలపాటు పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి వేశాడు. “నీళ్ల మీద ఎలా ఉంటుందో చూస్తాను. బావుంటే మిగతా అయిదూ నీకే అప్పగిస్తాను” అన్నారు నర్సుగారు.

షికారుకి ముందు నాలుగు రోజులూ మామయ్య ఒక బడికి కిటికీలు బిగించడానికి పొరుగూరు వెళ్లి రావాల్సి వచ్చింది. అందుకని నాకొక పని చెప్పాడు. పడవ రేవు ఒడ్డున ఎండలో ఉంది. ఎండకి చెక్క ముడుచుకుపోతుంది. నీళ్లు తాగితే ఉబ్బి, అతుకులు వాటంతటవే మూసుకుంటాయి. “పొద్దునా సాయంత్రం పడవలో నీళ్లు పొయ్యి, అంతే. ఎవరితోనూ మాట్లాడే పని కూడా లేదు నీకు” అన్నాడు నవ్వుతూ.

మొదటి రోజు బకెట్ పట్టుకుని రేవుకి వెళ్లాను. రేవు పక్కనే టీకొట్టు, కొట్టు ముందు బల్ల, బల్ల మీద బస్సు డ్రైవర్లు. నేను నాలుగో బకెట్ పోస్తుంటే వాళ్లలో ఒకాయన, “ఏమ్మా, పడవకి స్నానమా? వీపు రుద్దడం మర్చిపోకు” అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. అయినా నా చెవులు వేడెక్కిపోయాయి. ఇంటికొచ్చి ఆ మాట డైరీలో రాసుకున్నాను. మర్నాడు నా కాళ్లు అటు కదల్లేదు. ఆ మర్నాడూ అంతే. సాయంత్రం మామయ్య వచ్చి “పోశావా?” అంటే తల ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగో రోజు టీకొట్టు కట్టేశాక వెళ్లి రెండు బకెట్లు గుమ్మరించి వచ్చాను. లోపల తడి చూసి మామయ్య సంతోషించాడు.

ఆదివారం ఎండ ముదరకముందే ఆరు పడవలూ బయల్దేరాయి. పొద్దున ఏటికి ఎదురుగా ఇసుకదిబ్బ దాకా వెళ్లడం, మధ్యాహ్నం నీటివాలున వెనక్కి రావడం. మా పడవలో మేం నలుగురమే. మామయ్య తెడ్డు వేస్తూనే పక్క పడవలవాళ్లు చూస్తున్నారా లేదా అని ఓరకంట గమనిస్తున్నాడు. రంగు బావుందని ఎవరో అన్నారు కూడా.

వంతెన ఇంకా దాటలేదు. “ఎవరే నా కాళ్ల మీద నీళ్లు పోస్తోంది?” అంది అమ్మమ్మ.

ఎవరూ పోయడం లేదు. నాలుగైదు చోట్ల అతుకుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. అత్తయ్య డబ్బాలు ఒళ్లోకి తీసుకుంది. నేను గిన్నె అందుకుని తోడి బయట పోయడం మొదలుపెట్టాను.

“ఏమిటే ఈ హుషారు? ఇంట్లో గ్లాసు కడగమంటే గంట పడుతుంది నీకు” అంది అత్తయ్య. నేను తల ఎత్తలేదు.

పక్క పడవలోంచి లెక్కల మాస్టారు, “ఏమయ్యా, నది బయటుందా, లోపలుందా?” అని కేకేశారు. మామయ్య నవ్వాడు గానీ ఆ తర్వాత ఎవరివైపూ చూడలేదు.

ఇసుకదిబ్బ మీద అందరూ డబ్బాలు విప్పారు. మామయ్య తినడానికి రాలేదు. పడవ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అతుకుల వెంట బొటనవేలు జరుపుతున్నాడు. “నార సరిగ్గానే కూరానే. తారు కూడా సరిగ్గానే పట్టించానే” అని తనలో తనే అనుకుంటున్నాడు. నేను గిన్నె కడుగుతున్నట్టు నటిస్తూ ఆ దగ్గరే నిలబడ్డాను.

నర్సుగారు వచ్చారు. “నువ్వు పనిమంతుడివి, కాదనను. కానీ వీటిల్లో పసిపిల్లలు ఎక్కుతారయ్యా. మిగతావి ఎప్పట్లాగే పట్నం పంపిస్తాను. ఏమీ అనుకోకు.”

“అనుకోవడానికేముందండీ. నేను తలుపులు చేసుకునేవాణ్ణి. అవే చేసుకుంటాను” అన్నాడు మామయ్య.

“నీళ్లు పోయలేదు” అన్నాను.

ఎవరికీ వినబడలేదు. నర్సుగారు వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. మళ్లీ అన్నాను. ఈసారి నేననుకున్నదానికంటే చాలా గట్టిగా వచ్చింది. దిబ్బ మీద తింటున్నవాళ్లంతా నావైపు తిరిగారు.

“నాలుగు రోజులు పోయమన్నాడు మామయ్య. నేను మొదటి రోజు పోసి మానేశాను, నిన్న రెండు బకెట్లు గుమ్మరించానంతే. అడిగితే తల ఊపాను. చెక్క ఎండి ఉంది, అంతే. మామయ్య పనిలో లోపం లేదు.”

“ఎందుకు మానేశావు?” అన్నారు నర్సుగారు.

“టీకొట్టు దగ్గర నవ్వారు.”

“నవ్వితే పడవలు కారతాయని ఇప్పుడే వింటున్నాను” అన్నారు లెక్కల మాస్టారు. అందరూ నవ్వారు. నా చెవులు మళ్లీ వేడెక్కాయి. కానీ ఈసారి నేను అక్కడే నిలబడ్డాను.

నర్సుగారు నవ్వలేదు. “నీ మాట బావుంది. పడవ ఏమంటుందో అది కూడా విందాం. ముంచండి దీన్ని.”

నలుగురు మనుషులు పడవని మొలలోతు నీళ్లలోకి లాగి, రాళ్లు పెట్టి ముంచారు. ఎండ వాలేదాకా అది అలాగే ఉంది. జనం నిద్రపోయారు, పేకాడారు, ఈదారు. మామయ్య మాత్రం ఒడ్డున కూర్చుని దాన్నే చూస్తున్నాడు. నేను ఆయన డబ్బా తెచ్చి పక్కన పెట్టాను. కాసేపటికి నావైపు చూడకుండానే మూత తీసి తిన్నాడు.

పడవని పైకి తేల్చి నీళ్లు తోడేశాక, తిరుగు ప్రయాణంలో నర్సుగారు మా పడవే ఎక్కారు. ఆరు పడవలూ పక్కపక్కన తాడుతో కట్టేసుకుని, తెడ్లు పైకి తీసి, నదికి వదిలేశాం. ఒక పడవలోంచి ఇంకో పడవలోకి పళ్లు, నీళ్ల సీసాలు, పసిపిల్లలు చేతులు మారారు. నర్సుగారు వంగి వంగి అడుగు తడుముతూనే ఉన్నారు. కారడం పూర్తిగా ఆగలేదు గానీ, వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను తోడడానికి గిన్నె మునిగేటన్ని నీళ్లు కూడా లేవు.

“వచ్చే ఆదివారం రెండు పడవలు నీ పెరట్లోకి పంపిస్తాను. అవి అయ్యాక మిగతావి” అన్నారు నర్సుగారు, చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

మామయ్య నా జడ పట్టుకుని మెల్లగా ఒక్క లాగు లాగాడు. నదిమీద గాలి చల్లగా ఉంది. రేవు ఇంకాస్త దూరంగా ఉంటే బావుండుననిపించింది నాకు.

ముంచి తీసిన పడవలో కూర్చున్నందుకు ఇంటికొచ్చేసరికి అందరి బట్టలూ తడిసే ఉన్నాయి. నేను అందరికంటే ముందు తువ్వాలు పట్టుకుని స్నానాలగది దగ్గరికి వెళ్లాను. అత్తయ్య నా చేతిలోంచి తువ్వాలు తీసేసుకుంది.

“ముందు అమ్మమ్మ, తర్వాత నేను, ఆ తర్వాత ఆయన. నువ్వు ఆఖరు.”

“నిజం చెప్పాను కదా అత్తయ్యా.”

“చెప్పావు. అందుకే ఇంత మెత్తగా మాట్లాడుతున్నాను. అంతమందిలో ఆయన మొహం ఎలా అయిందో నేను చూశాను. రేపటికి మర్చిపోతాలే.”

అమ్మమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

“చలేస్తోంది” అన్నాను.

“వెయ్యనీ” అని నా మొహం మీదే తలుపేసేసింది.