ఇంటివారి సమ్మతి

"ఇవాళ కాస్త పెందలాడే రాగలవా?" అని అత్తగారు అడిగేసరికి ఆమె ఒక చేత్తో క్యారేజీ మూత బిగిస్తూ, రెండో చేత్తో పాలగిన్నె దించుతోంది. అత్తగారు వంటింటి గడప దగ్గర కూర్చుని పెద్ద మనవరాలికి జడ వేస్తున్నారు. మూడేళ్ళ చిన్నది ఆవిడ మెడ పట్టుకుని వీపు మీద వేళ్ళాడుతోంది.

"కుదరదు అత్తయ్యా. ఇవాళ కొత్త దరఖాస్తులు పంచుతారు. ఏం, ఒంట్లో బాగా లేదా?"

"బానే ఉన్నాను. ఊరికే అడిగాను."

ఊరికే అడిగే మనిషి కాదావిడ. ఆ సంగతి ఆమెకు బస్సెక్కి, సీటు దొరికి, ఊపిరి తీసుకున్నాక గాని తట్టలేదు. ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. ఏడేళ్ళలో అత్తగారు ఆమెను ఒక్కరోజు కూడా త్వరగా రమ్మనలేదు. మాటలు అనలేదని కాదు. "మా రోజుల్లో ఇన్ని సౌకర్యాలు ఎక్కడివి" అనేవారు, "బట్టలు ఇలా ఆరేస్తే రంగు ఉంటుందా" అనేవారు. కానీ పిల్లలకు జ్వరాలొచ్చినా, బడికి సెలవులిచ్చినా, ఆవిడ ఇంట్లో ఉన్నారన్న ధైర్యంతోనే ఆమె ఊరంతా తిరిగి పని చేసుకొచ్చింది. ఆ ధైర్యం గురించి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. కాళ్ళ కింద నేల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆమె పనిచేసేది చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే సంస్థలో. నూలు మిల్లు మూతపడి ఊరు సగం ఖాళీ అయినప్పుడు, మిగిలిన సగాన్ని నిలబెట్టాలని పెట్టిన నిధి అది. బ్యాంకులు గుమ్మంలోనే వెనక్కి పంపేసిన వాళ్ళు దాని దగ్గరికి వస్తారు. దర్జీలు, సైకిలు రిపేరు వాళ్ళు, బండ్ల మీద పళ్ళమ్మేవాళ్ళు. ఆమె వాళ్ళ కొట్లకు వెళ్ళి, పని చూసి, నివేదిక రాస్తుంది. శనివారాలు ఆడవాళ్ళకు క్లాసు చెబుతుంది. "మీ చేతి కష్టానికి కూలి వేసుకోకుండా ధర కట్టకండి. ఇంట్లోవాళ్ళు చేసే సాయాన్ని కూడా రాయండి. రాయని పనిని ఎవరూ పని అనుకోరు" అంటుంది. ఆ మాట దగ్గర ఎప్పుడూ కొందరు నవ్వుతారు, కొందరి కళ్ళు చెమరుస్తాయి. బజారులో పెట్టబోయే కొత్త శాఖకు ఆమెనే అధికారిగా వేస్తారని నెల రోజులుగా అనుకుంటున్నారు. అదే జరిగితే ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. ఫరవాలేదు, అత్తయ్య ఉన్నారు అనుకుంది.

ఆమె నాలుగో ఫైలు తెరిచింది. ఫొటోలో అత్తగారు. బొట్టు కాస్త పక్కకు జరిగి, కెమెరాని కోప్పడుతున్నట్టు చూస్తున్నారు.

వ్యాపారం: ఆటోలకు, బస్సులకు సీట్లు కుట్టుట. అవసరం: మందపాటి రెగ్జిన్ కుట్టే పెద్ద మిషను, కొట్టు అడ్వాన్సు. అనుభవం: ఇరవై రెండేళ్ళు. సంస్థలో బంధువులెవరైనా పనిచేస్తున్నారా అన్నచోట గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "ఉన్నారు. కోడలు. ఆమెకు చెప్పలేదు."

ఇరవై రెండేళ్ళు. మామగారికి బస్టాండు దగ్గర సీట్ల షాపు ఉండేదని ఆమెకు తెలుసు. ఆయన కొలతలు తీసుకునేవారు, బేరాలాడేవారు, బోర్డు మీద పేరు ఆయనది. ఇంటి వెనక రేకుల గదిలో కుట్టింది ఎవరో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయాక కొడుకు ఆ షాపు ఎత్తేసి మిషను అమ్మేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పెద్దపిల్ల పుట్టింది.

ఆమెను సిగ్గుతో కుదిపేసింది మాత్రం మరో సంగతి. ఫొటో చూడగానే మనసులోకి ముందుగా వచ్చింది ఆశ్చర్యం కాదు, సంతోషం కాదు. పొద్దంతా చిన్నది, మూడున్నరకి బడి వదిలాక పెద్దది ఎవరి దగ్గరుంటారు? అదీ ఆమెకొచ్చిన మొదటి ఆలోచన. అప్పు కోసం వచ్చిన ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడిగిన మగాళ్ళ మీద ఆమె ఎన్నిసార్లు పళ్ళు నూరుకుందో లెక్కలేదు.

ఫైలు తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టింది. "నా బంధువు సార్. ఇది నేను చూడకూడదు."

ఆయన ఫొటో చూసి నవ్వాపుకున్నాడు. "నివేదిక ఇంకొకళ్ళతో రాయిస్తాన్లెండి. కానీ ఇంటివారి సమ్మతి గడి ఖాళీగా ఉందే. అది నింపితేనే కదా కమిటీకి వెళ్ళేది? మీరు సంతకం పెట్టకపోతే ఫైలు ఇక్కడే ఆగిపోతుంది. ఎవరికీ మాట రాదు, ఆవిడకీ నొప్పి ఉండదు." గొంతు తగ్గించి అన్నాడు, "కొత్త శాఖ బాధ్యత మీ మీద పెట్టాలనుకుంటున్నాం. ఇంట్లో ఏ ఇబ్బందీ లేనివాళ్ళయితేనే ఆ పని నడుస్తుంది. ఆలోచించుకోండి."

ఆ గడి పెట్టించింది ఆమే. మూడేళ్ళ కిందట ఒకావిడ అప్పు తీసుకుని టీ బండి పెట్టుకుంటే, మొగుడు తాగొచ్చి బండిని మురిక్కాలవలో తోసేశాడు. ముందే ఇంట్లోవాళ్ళ చేత ఒప్పించి ఉంటే ఇలా జరిగేది కాదని, పెళ్ళయిన ఆడవాళ్ళకూ అరవై దాటినవాళ్ళకూ సమ్మతి తప్పనిసరి చేయించింది. ఆడవాళ్ళకు మేలు చేశానని అప్పుడు ఎంత పొంగిపోయిందో.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడవక ముందే భర్త గొంతు వినిపించింది. "మీ మేనేజరు ఫోన్ చేశాడు."

తల కొట్టేసినట్టయింది. తన ఆఫీసు ఫైలు గురించి తన కంటే ముందు తన భర్తతో మాట్లాడారు!

"నీకు ముందే తెలుసా?" అతను సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. "అరవై ఒకటో ఏట మా అమ్మ రోడ్డు మీద కూర్చుని ఆటో సీట్లు కుడుతుందా? నలుగురూ ఏమంటారు? కొడుకు కూడు పెట్టడం లేదనుకోరూ?"

"మీ అమ్మగారు పెట్టిన కూడే కదండీ మనం తింటున్నది?"

"మాటలు బాగానే నేర్చావు. అమ్మ షాపుకి వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారు? నువ్వు ఉద్యోగం మానేస్తావా?"

ఆమె చేతిసంచి కింద పెట్టింది. అతను పనిచేసే నీళ్ళ బోర్డు ఆఫీసు అయిదింటికి మూస్తారు. బడికి ఆ ఆఫీసు రెండు వీధుల అవతల. అయిదు నుంచి ఏడున్నర దాకా అతను స్నేహితుల దగ్గర క్యారమ్స్ ఆడతాడని అందరికీ తెలుసు. 'నేను' అన్న మాట అతని నోటికి రాకపోవడం వింత కాదు. ఇన్నేళ్ళలో తన మనసులోకైనా రాలేదే, అదీ వింత. పిల్లలంటే అత్తగారు, అత్తగారు కాకపోతే తను. జాబితా అక్కడితో అయిపోయేది. బడి వెనక వీధిలో ఒకావిడ పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టుకుంటానంటే, 'ఈ ఊరికి ఇది చాలా అవసరం' అని నివేదిక రాసి అప్పు ఇప్పించింది తనే. తన పిల్లల్ని అక్కడ చేర్చాలని ఏనాడూ అనుకోలేదు. ఇంట్లో ఊరికే జరిగిపోతుంటే డబ్బెందుకు దండగ?

ఊరికే. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట!

అత్తగారు డాబా మీద బట్టలు తీస్తున్నారు. ఆమె వెళ్ళి దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ దగ్గరికొచ్చి, మడిచి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చారు.

"నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తే నువ్వు ఆలోచిస్తావు. ఆలోచిస్తే వద్దంటావు. నీ తప్పని కాదు. నీ చోట నేనున్నా అంతే. కాగితం పెట్టేశాక ఇవాళ చెబుదామనే పెందలాడే రమ్మన్నాను."

"ఇష్టం లేదని ఒక్క మాట అనుంటే..."

"ఇష్టం లేదని ఎవరన్నారు? పిల్లలంటే నాకు ప్రాణం. ప్రాణం వేరు, పని వేరు." ఆవిడ దుప్పటిని బుట్టలో పడేసినట్టుగా పెట్టారు. "నువ్వు శనివారం చెప్పే ఉపన్యాసం ఉందే, చేతి కష్టానికి కూలి అనీ, రాయని పని అనీ. వంట చేస్తూ నాలుగుసార్లు అప్పజెప్పుకున్నావు. గోడలకి వినబడింది, నాకు వినబడదా? అప్పుడే అనుకున్నా, ఇది ఎవరికి చెప్తోంది ఈ పిల్ల అని."

బుట్ట ఆమె ఎత్తుకోబోతే ఆవిడ ఎత్తనివ్వలేదు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "సంతకం పెట్టకపోయినా నీ మీద కోపం ఉండదు. పొద్దున్నే అయిదింటికి ఎప్పటిలాగే లేస్తాను. కానీ ఒకటి, మళ్ళీ ఇంకెక్కడా అడగలేను. నడుం వంగుతుందో లేదో ఇంకో రెండేళ్ళకి."

కమిటీ శుక్రవారం కూర్చుంది. దరఖాస్తుదారు పక్కన ఇంటి మనిషి కూడా ఉండాలన్నారు. కొడుకు రానని చేతులు దులుపుకున్నాడు. అందుకని ఆమే అత్తగారి పక్కన కూర్చుంది. ఆ బల్లకు ఇటువైపు ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఇటున్న కుర్చీలు పొట్టివి. కిటికీ వెలుతురు సూటిగా కళ్ళలో పడుతోంది. ఇన్నేళ్ళూ అందరూ ఇలా కళ్ళు చికిలించి చూస్తుంటే భయపడుతున్నారనుకుంది.

ఛైర్మన్‌గారు ఇనప సామాన్ల వ్యాపారి, పెద్ద శరీరం, పెద్ద గొంతు. "ఈ వయసులో మీకెందుకమ్మా ఈ తిప్పలు? హాయిగా మనవరాళ్ళతో కాలక్షేపం చేసుకోక."

"కాలక్షేపం కాదండీ అది. పొద్దున్నే అయిదింటికి మొదలవుతుంది" అన్నారు అత్తగారు.

అటుపక్కనున్న ఇద్దరు సభ్యులూ మొహాలు చూసుకున్నారు. ఛైర్మన్‌గారు ఫైలు తిరగేశారు. "ఇరవై రెండేళ్ళ అనుభవం అన్నారు. కాగితం ఏదీ? షాపు మీ ఆయన పేరున ఉండేది."

"కాగితం లేదండీ. మీరు కూర్చున్న కుర్చీ చూడండి. మీ భుజం పక్కన పగిలింది కదా? రెగ్జిన్‌కి సాగే వైపు ఒకటుంటుంది. అది చూసుకోకుండా అడ్డంగా కోశారు. పైగా కుట్టు బాగా దగ్గర దగ్గరగా వేశారు. దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. చిల్లులు ఎక్కువై అక్కడే చిరుగుతుంది. నాకిస్తే మధ్యాహ్నానికి మార్చి ఇచ్చేదాన్ని."

ఛైర్మన్‌గారు లేచి వెనక్కి తిరిగి చూశారు. సభ్యులిద్దరూ లేచి వాళ్ళ కుర్చీలు చూసుకున్నారు. అవీ అంతే. గదిలో కాస్త నవ్వు పుట్టింది.

"పని వచ్చు, కాదనను." ఆయన మళ్ళీ కూర్చున్నారు, ఈసారి వెనక్కి ఆనకుండా. "కానీ మీరు కొట్లో కూర్చుంటే ఇంట్లో చిన్నపిల్లల సంగతేమిటి? కోడలేమో ఉద్యోగస్తురాలు. వాళ్ళని ఎవరు చూస్తారు?"

అప్పటిదాకా తడుముకోకుండా జవాబు చెప్పిన అత్తగారు మాట్లాడలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వేళ్ళ కొసలన ఎప్పటివో సూది గాట్లు. ఇన్నేళ్ళూ ఆ చేతులతోనే ఆవిడ ఆమెకు అన్నం వడ్డించారు. బల్ల చివర కూర్చున్న మేనేజరు ఆమె వంక చూస్తున్నాడు. కనుబొమలతోనే వద్దంటున్నాడు. కొత్త శాఖ, తలుపు మీద తన పేరు, ఏడేళ్ళ కష్టం, అన్నీ ఆ కనుబొమల్లో ఉన్నాయి. ఇప్పుడు ఊరుకుంటే చాలు. తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకోవడమే సరిపోతుంది.

"వాళ్ళకి అమ్మా నాన్నా ఇద్దరూ బతికే ఉన్నారండి" అంది ఆమె.

అత్తగారు మెల్లగా తల తిప్పి ఆమెను చూశారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఆ గడిలో అబ్బాయి సంతకం ఉంటే బాగుండేది..."

"ఇంట్లోవాళ్ళు ఎవరైనా అని ఉంది సార్. ఆ వాక్యం రాసింది నేనే." ఆమె ఫైలు తన వైపు లాక్కుంది. 'సమ్మతమే' అని రాసి సంతకం పెడితే అయిపోయేది. పెన్ను పెట్టాక చెయ్యి మరోలా రాసింది. 'ఈమె తన పని తాను చేసుకోవడానికి మా సమ్మతి అవసరం లేదు. ఈ గడి పెట్టించి నేను పొరపాటు చేశాను. దీన్ని తీసివేయవలసిందిగా కోరుతున్నాను.' కింద పూర్తి పేరుతో సంతకం చేసింది.

ఛైర్మన్‌గారు దాన్ని రెండుసార్లు చదివారు. పక్క సభ్యుడికిచ్చారు. ఆ తర్వాత, "మిషను పాతదైతే సరిపోతుందా అమ్మా?" అని అడిగారు.

"నూనె పెట్టడం నాకు తెలుసండీ" అన్నారు అత్తగారు.

అడిగినదాంట్లో మూడొంతులు ఇచ్చారు. గడి సంగతి తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు. అక్కణ్ణించి అది మళ్ళీ వాయిదా పడింది. ఆమె ప్రతిసారీ దాన్ని చర్చకు పెడుతూనే ఉంది. కొత్త శాఖ గురించి మేనేజరును అడిగితే, "ముందు మీ ఇంటి పరిస్థితి కుదుటపడనివ్వండి" అన్నాడు. "మీ ఇంటి పరిస్థితి ఎలా ఉందని మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా సార్?" అంది ఆమె. ఆయన ఫోన్ అందుకున్నాడు. ఆ ఉద్యోగం వస్తుందో రాదో ఇప్పటికీ తేలలేదు.

భర్త ఆమెతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే పెద్దపిల్లతో "మీ అమ్మకి చెప్పు" అనేవాడు. పిల్లల్ని సంరక్షణ కేంద్రంలో చేర్చి, ఫారంలో సాయంత్రం తీసుకెళ్ళేవారు అన్నచోట ఆమె అతని ఫోన్ నంబరు రాసింది. మొదటిరోజు అతను గంట ఆలస్యంగా వెళ్ళాడు. ఆ కేంద్రం ఆవిడ అందరి ముందూ నిలదీసిందట. రెండోరోజు అయిదూ పదికి అక్కడున్నాడు. కోపం తగ్గిందని కాదు. మూతి ముడుచుకునే వెళ్ళాడు, కానీ వెళ్ళాడు.

కొట్టు తెరిచిన రోజు ఆమె ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. ఇల్లు ఇల్లులా లేదు. గిన్నెలు తోమలేదు, పిల్లల సంచులు నట్టింట్లో పడున్నాయి, భర్త చిన్నదాని జుట్టుతో కుస్తీ పడుతున్నాడు. కాసేపటికి అత్తగారు వచ్చారు. చీరకు నూనె మరక, జుట్టులో ఫోమ్ తునకలు. అలవాటు కొద్దీ సరాసరి వంటింటి వైపు నడవబోయారు.

ఆమె కుర్చీ లాగి ముందు పెట్టింది.

"పని ఎలా ఉంది అత్తయ్యా ఇవాళ?"

అడిగాక ఆమెకే వింతగా అనిపించింది. రోజుకు పదిమంది ఆడవాళ్ళను అడిగే ప్రశ్న అది. ఈ ఇంట్లో ఆవిడను ఆ ప్రశ్న ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి.

అత్తగారు కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, పక్కనున్న పీట చూపించారు.

"నువ్వూ కూర్చో" అన్నారు. "చాలా ఉంది చెప్పడానికి."