పదకొండో మగ్గు

పదకొండో మగ్గు కూడా కొక్కేనికి తగిలించి, ఆయమ్మ ఫ్లాస్కు మూత బిగించింది. సైన్యం నుంచి వచ్చి మళ్లీ కాలేజీలో చేరినవాళ్లకని మెట్ల కింద ఇచ్చిన గది అది. ఎండ మొహం ఎరగదు. కుర్చీలన్నీ గోడకు ఆనించి, తలుపుకు ఎదురుగా వేసింది. వెనకాల మనుషులు తిరుగుతుంటే వాళ్లకు పాఠం బుర్రకెక్కదు. ఈ సంగతి ఆవిడకు ఏ డాక్టరమ్మా చెప్పలేదు. యుద్ధం నుంచి వచ్చిన మొగుడు తొమ్మిదేళ్లు గోడకు ఆనుకుని కూర్చుని, ఒకరోజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ‘ఎలా ఉన్నావు’ అని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు.

ఇక్కడా అడగదు. అడిగితే అందరూ ‘బ్రహ్మాండంగా ఉన్నానక్కా’ అనేవాళ్లే, మాటలదేముంది! అందుకే మగ్గుల్ని అడుగుతుంది. సైనికులు కదా, తాగిన మగ్గు తామే కడిగి తగిలించందే కదలరు. ఆ చెమ్మ సాయంత్రానికీ ఆరదు. ఎవరి మగ్గు పొడిగా ఉంటే వాళ్లు రానట్టు. వరసగా రెండు రోజులు పొడిగా ఉంటే ఫోను చేస్తుంది. అలా ఇద్దరిని హాస్టలు గదుల్లోంచి లాక్కొచ్చి కాలేజీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. ‘మన అక్క ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుంది’ అని వాళ్లు నవ్వుకునేవారు.

నిన్న వాళ్లలో పొడుగాయన మగ్గు పొడిగా ఉంది. పచ్చ ఎనామిల్ మగ్గు, అంచు పెచ్చులూడింది. ఒక్కరోజే అయినా ఆయమ్మ చెప్పగానే, ఇవాళ సాయంత్రం వెళ్లి అతన్ని చూసొస్తానని డాక్టరమ్మ అంది. పొద్దుటి నుంచి ఆయమ్మ ప్రాణం ఆ మగ్గు మీదే ఉంది.

పదకొండింటికి వరండా తుడిచి వచ్చేసరికి అతనే గదిలోంచి బయటికొస్తున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు.

“టీ తాగావా తమ్ముడూ?”

“తాగానక్కా. కావాలంటే మగ్గు చూసుకో.” నవ్వాడు. “ఇవాళ నాకు ఫోను చెయ్యక్కర్లేదు.”

“పోదూ! నీకు ఫోను చెయ్యకపోతే నాకు పొద్దుపోదా ఏమిటి!”

అతను చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లాడు. మగ్గు నిజంగానే తడిగా ఉంది. ఆవిడకు కొండంత బరువు దిగింది. వెంటనే వెళ్లి డాక్టరమ్మకు చెప్పింది.

“పొడుగాయన వచ్చాడమ్మా, కులాసాగా ఉన్నాడు. మీరు వెళ్లక్కర్లేదు.”

సాయంత్రం మగ్గులు తడిమి చూసింది. పదకొండూ తడిగానే ఉన్నాయి. ఫ్లాస్కు కడగబోతే బరువుగా తగిలింది. పదకొండు మగ్గులకు కొలిచి పోసిన టీలో ఒక మగ్గు టీ అడుగున మిగిలి ఉంది.

పచ్చ మగ్గు దింపి వాసన చూసింది. ఎంత కడిగినా మగ్గుకు టీ వాసన ఉంటుంది; దీనికి ఉత్త కుళాయి నీళ్ల వాసన. మగ్గు మళ్లీ తగిలించి అతనికి ఫోను చేసింది.

మోగుతూనే ఉంది, అతను ఎత్తలేదు. డాక్టరమ్మను వెంటబెట్టుకుని అతని గదికి పరుగెత్తింది. కాపలాదారు తలుపు తీశాడు. దుప్పటి ముడత లేకుండా పరిచిన మంచం మీద అతను పడుకుని ఉన్నాడు. పోయి చాలాసేపయిందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

“నేనే చెప్పానమ్మా... వెళ్లక్కర్లేదని నేనే చెప్పాను.”

మెట్ల కింద గదికి ఎలా తిరిగొచ్చిందో ఆవిడకే తెలియదు. గోడకు ఆనిన అతని కుర్చీ ముందు నిలబడి, “ఎలా ఉన్నావు తమ్ముడూ?” అని అడిగింది. దీపం ఆర్పి, తాళం వేసుకుని వెళ్లిపోయింది.

కొక్కేనికి పచ్చ మగ్గు వేలాడుతోంది, దాని అడుగున చెమ్మ ఇంకా ఆరలేదు.