ఎవరూ చెప్పలేదు అనండి

రొట్టెల వ్యాను నడిపే పెద్దాయన ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో బండికి చిన్న గీత కూడా పడనివ్వలేదు. అలాంటిది ఒక ఉదయం వ్యాను తిన్నగా పేవ్‌మెంటు ఎక్కి, షట్టరు తీస్తున్న టైలరు కాలు విరగ్గొట్టింది. పెద్దాయన పొద్దున్నే షుగరుకి ఇన్సులిన్ పొడుచుకుని, ఏమీ తినకుండా బయల్దేరాడు. వెనక రెండొందల రొట్టెలున్నాయి, ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకోవాలని తోచలేదు మహానుభావుడికి. భార్య పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ తిన్నావా అని అడిగే దిక్కు లేదు.

"ప్రమాదకరంగా నడిపి మనిషిని గాయపరచడం. రుజువైతే రెండేళ్ళ జైలు, లైసెన్సు రద్దు," అన్నాడు వకీలు. "కంగారు పడకండి. షుగరు పడిపోయి స్పృహ తప్పింది, అది మీ చేతిలో లేని పని. ఆసుపత్రి కాగితం కూడా ఉంది. ఒక్కటే చిక్కు. తినకపోతే ప్రమాదమని మీకు ముందే తెలుసంటే తప్పు మీ మెడకే చుట్టుకుంటుంది. జడ్జిగారు అడిగితే, ఎవరూ చెప్పలేదు అనండి. ఆ రెండు ముక్కలూ చాలు."

పెద్దాయన తలూపాడు. వారం రోజులు ఖాళీ వంటింట్లో నిలబడి ఆ రెండు ముక్కలే వల్లెవేశాడు.

కోర్టులో అంతా సాఫీగానే సాగింది. టైలరు కూడా మంచివాడు. "మనిషి చెమటతో తడిసిపోయాడండీ, తనేం చేశాడో తనకే తెలీదు," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. జడ్జిగారు పెద్దాయన వైపు తిరిగారు.

"ఇన్సులిన్ తీసుకున్నాక తప్పకుండా తినాలని మీకెవరైనా చెప్పారా?"

వకీలు కళ్ళతోనే బతిమాలాడు. పెద్దాయన నోరు తెరిచాడు. తినేదాకా కదలనివ్వనంటూ ఏళ్ళ తరబడి వ్యాను తలుపు పట్టుకుని పోట్లాడిన మనిషి తన భార్య. ఆవిడ ఏమీ చెప్పలేదని నలుగురిలో ఎలా అంటాడు?

"మా ఆవిడ చెప్పిందండీ," అన్నాడు. "రోజూ చెప్పేది."

వకీలు తల పట్టుకున్నాడు. నిజం ఒప్పుకున్నందుకు శిక్ష ఏడాదికి తగ్గింది. లైసెన్సు మాత్రం పోయింది.

జైల్లో మొదటి ఉదయం నర్సు ఇంజెక్షన్ ఇచ్చి, పళ్ళెం ముందుకు జరిపింది.

"తినండి. మీరు తినేదాకా నేను కదలకూడదు, ఇక్కడి రూలు."

పెద్దాయన కావాలనే నెమ్మదిగా తిన్నాడు.