బొమ్మలో లేని ఇళ్లు

కండెలమ్మ కొడుకు చొక్కాను మూడోసారి జాడిస్తోంది. నీళ్లు ఇంకా ఎర్రగానే దిగుతున్నాయి. మిల్లు ఇటుకల దుమ్ము అది. మూతపడేదాకా ఆ మిల్లులో కండెలకు నూలు చుట్టిందని ఆమెకు ఆ పేరు. ఇప్పుడు తాపీమేస్త్రీ అయిన కొడుకు ఆ గోడలకే కొత్త కిటికీలు పెడుతున్నాడు. కింద దుకాణాలు, పైన డబ్బున్నవాళ్ల ఇళ్లు వస్తాయట. మిల్లు పనివాళ్లకని వరసగా కట్టిన లైను ఇళ్లలో, ఒక్క గదిలో తల్లీ కొడుకూ ఉంటారు గానీ, ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడో కరువయ్యాయి.

మధ్యాహ్నం లైను ఇళ్లవాళ్లందరినీ పాత మగ్గాల షెడ్డుకు పిలిచారు. మిల్లును కొన్న కంపెనీ మనిషి, రేపు ఇక్కడ ఏమేం వస్తాయో చూపే పెద్ద బొమ్మ గోడకు తగిలించాడు.

"పొగగొట్టం ఉంచుతున్నాం. గోడలు ఉంచుతున్నాం. మీ చరిత్రను కాపాడుతున్నాం."

కండెలమ్మ దగ్గరికెళ్లి వెతికింది. తమ ఇళ్లుండాల్సిన చోట కార్లు నిలబడి ఉన్నాయి.

"గోడల్ని కాపాడుతున్నారు, బాగుంది బాబూ. మరి మమ్మల్ని ఎక్కడ పెడతారు?"

"ఊరి బయట గదులిస్తాం పెద్దమ్మా. ఖాళీ చేస్తామని ఇవాళే సంతకాలు పెట్టేయండి."

"మేం మాట్లాడుకోవాలి," అన్నాడు యూనియన్ నడిపిన ముసలి ఫిట్టరు.

కంపెనీ మనిషి నవ్వి పక్కకు సైగ చేశాడు. గోడ పగలగొట్టే మిషను మొదలైంది. ఆ మోతలో ఇంకేం మాట్లాడుకుంటారులే అనుకున్నాడు.

మగ్గాల హోరులో ఏళ్ల తరబడి బతికినవాళ్లకు గొంతుతో పనేముంది? ఈ మూల నుంచి ఆ మూలకు పెదవులు కదిలాయి.

'వెళ్తే తలా ఒక దిక్కయిపోతాం.'

'కండెలమ్మా, నీ కొడుకు వాళ్ల దగ్గరే కదా. నువ్వేమంటావు?'

ఆమె బొమ్మలోని కార్లవైపు మళ్లీ ఒకసారి చూసింది.

'పెట్టను.'

ఆ మాట చప్పుడు లేకుండా షెడ్డంతా తిరిగింది. మిషను ఆగేసరికి పెన్నులన్నీ బల్లమీదే ఉన్నాయి, మనుషులు లేరు.

అందరినీ రెచ్చగొట్టాడని కంపెనీ ఫిర్యాదు చేస్తే, సాయంత్రం ఫిట్టరును పోలీసులు పట్టుకుపోయారు.

"రేపటిలోగా నువ్వు సంతకం పెట్టకపోతే నన్ను ఇక పనికి రావద్దన్నారు," అన్నాడు కొడుకు. "నీకు కొడుకు కన్నా లైనే ఎక్కువైంది."

"మీ నాన్న పోయినప్పుడు పాడె మోసింది వాళ్లేరా."

"ఇప్పుడు నాకు పనిచ్చేది వాళ్లు కాదమ్మా."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారింది. లైనులో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఫిట్టరును వదిలేదాకా పని సాగనివ్వమని అందరూ గేటుకు అడ్డంగా కూర్చోబోతున్నారు. రోజూ ఆ గేటులో మొదట అడుగుపెట్టేది తన కొడుకేనని ఆమెకు తెలుసు. వాడు మేలుకునే ఉన్నాడనీ తెలుసు. అన్నం మీద మూత పెట్టింది. వాడి వీపువైపు కాసేపు చూసింది.

గడప దాటి గేటువైపు నడిచింది.