నవ్వించి గెలిచిన ప్రెసిడెంటు

సాలమన్‌ది అమలాపురం. దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాడు. అక్కడ తెలుగువాళ్ల సభ ఏది జరిగినా నవ్వించడానికి మైకు అతని చేతికి రావలసిందే. తెలుగు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడు, ఎనిమిదేళ్లుగా ప్రెసిడెంటు కుర్చీ వదలని వేణుగోపాలరావును ఆటపట్టిద్దామని తనూ నామినేషన్ వేశాడు.

"నన్ను గెలిపిస్తే నేనూ ఏమీ చెయ్యనండీ! కాకపోతే చేశానని చెప్పి శాలువా కప్పించుకోను!" అన్నాడు ఒక శుక్రవారం సాయంత్రం, బర్వా అల్ బరాహా క్యాంపులో కార్మికుల మధ్య నిలబడి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వనివాడు ఓబులయ్య ఒక్కడే. కడప జిల్లా నుంచి వచ్చి ఒక ఖతారీ ఇంట్లో డ్రైవరుగా ఉంటున్నాడు. జనం పల్చబడ్డాక దగ్గరికొచ్చాడు.

"అన్నా, మా తమ్ముడు అమర్నాథ్ పనికాడ పైనుంచి పడినాడు. నాలుగు నెలలాయ, ఆస్పత్రిలో కండ్లు తెరవకుండా పండుకోనుండాడు. ఇంటికి తీస్కపోవాలంటే విమానంలో స్ట్రెచర్ గావాల, వెంబడి నర్సు గావాల. రావుసారును అడిగితే చూద్దామనె."

"నేను తమాషాకి నిలబడ్డానండీ బాబూ."

"చేస్తామన్నోళ్లు ఏం జేసిరన్నా? నువ్వు చెయ్యనంటాండావు. నువ్వే చేస్తావు."

తెలిసిన డ్రైవర్లందరినీ వెంటబెట్టుకొచ్చి ఓట్లు వేయించాడు ఓబులయ్య. పదకొండు ఓట్ల తేడాతో సాలమన్ గెలిచాడు.

మర్నాడే ఆస్పత్రికి వెళ్లాడు. ఓబులయ్య తమ్ముడి చెవి దగ్గరికి వంగి, "రేయ్, ప్రెసిడెంటు వచ్చినాడు రా" అన్నాడు. మంచం మీద మనిషి కదల్లేదు. సాలమన్ తల దించుకున్నాడు.

అప్పట్నుంచి తిరగడం మొదలైంది. డాక్టరు సంతకం ఉంటేనే విమానంలో చోటన్నారు. జ్వరం తగ్గితేనే సంతకమన్నాడు డాక్టరు. అమర్నాథ్ పనిచేసిన కంపెనీలో కాగితాలు చూసే ఉబైద్ ప్రతిసారీ "బుక్రా" అనేవాడు. ఆ రేపు రానే లేదు. సంఘం చేతిలో ఉన్నదల్లా ఒక రబ్బరు స్టాంపు, ఒక వాట్సాప్ గ్రూపు.

చివరికి అల్ మన్సూరాలో జరిగిన సంఘం సభలో మైకు పట్టుకున్నాడు.

"ఒక మనిషిని ఇంటికి పంపాలండీ. విమానాల్లో, ఆస్పత్రిలో తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి."

హాలంతా నవ్వింది.

"నవ్వకండి! నిజంగానే అడుగుతున్నాను!"

నవ్వు ఇంకా పెరిగింది. ముందు వరసలో వేణుగోపాలరావు కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఓబులయ్య మెల్లగా బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే అమర్నాథ్ పోయాడు. అంతవరకు కదలని కాగితాలు నాలుగు రోజుల్లో కదిలాయి. శవానికి నర్సు అక్కర్లేదు, జ్వరం తగ్గనక్కర్లేదు.

పెట్టె విమానానికి ఎక్కించే చోటికి సాలమన్ కూడా వెళ్లాడు.

"మీరు తిరిగినారు సార్, నేను జూసినా," అన్నాడు ఓబులయ్య. తమ్ముడి వెంట వెళ్లినవాడు మళ్లీ ఖతార్ రాలేదు.

సాలమన్ రాజీనామా రాసి కమిటీకి ఇచ్చాడు. చదివి, "భలే రాశావయ్యా!" అని గ్రూపులో పెట్టారు. నూటపాతిక మంది నవ్వు బొమ్మలు పంపారు.