నట్టల మందు మీద అనుమానం

తెల్లవారి కొట్టంలో పేడ ఎత్తేటప్పుడు సిద్దమ్మ ముందు పేడను చూసేది, తర్వాత పెయ్యను చూసేది, ఆ తర్వాత మందుల కొట్టు రామకోటయ్యను తిట్టుకునేది. పేడ నీళ్లలా పడుతోంది. చూలు కట్టాల్సిన వయసులో పెయ్యకు పక్కటెముకలు తేలి, దవడ కింద నీరు దిగింది. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఆ ఇంటికి మిగిలిన ఆశ ఆ పెయ్య ఒక్కటే. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాపిస్తూనే ఉంది, నట్టలు మాత్రం చావడం లేదు. కాబట్టి మందులో నీళ్లు కలిపి ఉండాలి.

సిద్దమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చిన ఆస్తి. మనలో ఇలాంటి సిద్దమ్మలు తక్కువేమీ కాదు. ఒకరోజు ఖాళీ సీసా కొంగులో చుట్టుకుని పత్తికొండ బస్సెక్కింది.

"ఏమప్పా రామకోటయ్యా, మందు అమ్ముతాండావా, నీళ్లు అమ్ముతాండావా?"

కొట్టు ముందు ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. రామకోటయ్య ముఖం ఎర్రబడింది.

"సీలు తీయని సీసా ఇస్తా. పశువుల డాక్టరమ్మ దగ్గరికే పోదాం పదమ్మా. మందు దొంగదైతే కొట్టు మూసేస్తా."

ఇంత ధైర్యంగా అన్నాడంటే డాక్టరుతో ముందే మాట్లాడుకున్నాడేమోనని సిద్దమ్మకు మరో అనుమానం. పరీక్ష తన కళ్ల ముందే జరగాలంది.

డాక్టర్ యామిని విసుక్కోలేదు. తనే సిద్దమ్మ ఊరికి వచ్చి, పెయ్య ఛాతీకి టేపు చుట్టి బరువు అంచనా కట్టి, రామకోటయ్య ఇచ్చిన సీసా సీలు తీసి ఆ మందే తాపించింది. పక్క వీధి రంగన్న వేరే ఊరి నుంచి కొత్తగా కొనితెచ్చిన పెయ్యకూ అదే మందు పట్టించింది. రెండింటి పేడనూ మందుకు ముందొకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి సూక్ష్మదర్శినిలో చూసి, సిద్దమ్మకూ చూపించింది. రంగన్న పెయ్య పేడలో నట్టల గుడ్లు దాదాపు మాయం. సిద్దమ్మ పెయ్య పేడలో మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

"మందు మంచిదే. మీ కొట్టంలో నట్టలే దానికి లొంగడం లేదు. ఇన్నాళ్లూ ఎట్లా తాపినారమ్మా?"

"మా వీధికంతా సీసా ఒకటే తెస్తాం. ఎద్దయినా దూడయినా తలా ఒక గుక్క. శానా ఏండ్లుగా అదే మందు. ఎక్కువైతే వేడి చేస్తాదని నేను ఇంకొంచెం తగ్గిస్తా." గర్వంగానే చెప్పింది.

"అక్కడే తప్పు జరిగింది. చాలని మందుకు బలహీనమైన నట్టలు చచ్చినాయి. మొండివి బతికి గుడ్లు పెట్టినాయి. ఇప్పుడు మీ పశువుల కడుపుల్లో ఉండేవన్నీ ఆ మొండివే."

సిద్దమ్మ లోకాన్నంతా అనుమానించింది గానీ, మందు పోసిన తన చేతిని ఒక్కనాడూ అనుమానించలేదు. పెయ్య మెడ పట్టుకుని ఏడ్చేసింది. మరునాడే పత్తికొండ పోయి, కొట్టు ముందు అందరూ వినేలా రామకోటయ్యతో తప్పు ఒప్పుకుంది.

డాక్టరమ్మ వేరే రకం మందు బరువుకు సరిపడా ఇచ్చింది. నెల తిరిగేసరికి దవడ వాపు తగ్గి, పెయ్య గడ్డికి ఎగబడింది. అది చూసి పక్కింటి జీవమ్మ లోటా పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఆ కొత్త మందు మా ఎద్దుకూ ఇంత ఇయ్యి."

"ఇయ్యను."

"ఒక్క గుక్కకు అంత పిసినారితనమా? ఏదో దాస్తాండావు నువ్వు!"

జీవమ్మ చూపులోని అనుమానం చూసి సిద్దమ్మకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కూడు పంచుకుందాం, గడ్డి పంచుకుందాం, మందు మాత్రం వద్దు జీవమ్మా. నీ ఎద్దును డాక్టరమ్మకు చూపిద్దాం పా. పేడ చూసి, బరువు చూసి ఆమె చెప్పినంతే తాపు. చాలీచాలని మందు నట్టను చంపదు, దానికి మొండితనం నేర్పుతాది."