గార్డ్ సాబ్ గదిలో చప్పుడు

మూడో అంతస్తు బాల్కనీ పిట్టగోడకు తొడ ఆనించి, ఒక కాలు గాలిలో ఉంచి, తుకారాం ఏసీ అవుట్‌డోర్ మిషనుకు నీళ్లు కొడుతున్నాడు. బోయిగూడ సందులోని దుమ్మంతా, పావురాల ఈకలతో సహా, ఆ రేకుల మధ్య గడ్డకట్టుకుని ఉంది. ముందు నల్లటి నీళ్లు కారాయి, తర్వాత మట్టిరంగువి, చివరికి తేటవి. నీళ్లు తేటబడేదాకా అతను పంపు ఆపడు. ఇంటివాళ్లు పైనుంచి చూస్తున్నా, చూడకపోయినా అంతే.

మనిషి చూడటానికి ఏమంత కొట్టొచ్చినట్టుండడు. యాభై నాలుగేళ్లు. పొట్టి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఏ కాలంలోనూ తడి ఆరదు. అల్యూమినియం రేకులు కోసిన సన్నటి గీతలు అరచేతుల నిండా ఉంటాయి, కొత్తవాటి కింద పాతవి, పాతవాటి కింద ఇంకా పాతవి. సికింద్రాబాద్‌లో సగం ఇళ్ల పడకగదులు చూసినవాడు. అయినా ఆ ఇళ్లవాళ్ల ఫోన్లలో అతని పేరు ఉండదు, 'ఏసీ' అని మాత్రమే ఉంటుంది. దానికి అతనికి కోపమేమీ లేదు. వేడి ముదరగానే తలచుకుంటున్నారు, అది చాలదా అనుకునే రకం.

పద్దెనిమిదేళ్లప్పుడు కూలర్లకు గడ్డి కట్టడంతో పనిలోకి దిగాడు. కూలర్లు పోయి కిటికీ మిషన్లు వచ్చాయి, అవి పోయి గోడ మిషన్లు వచ్చాయి. అన్నిటినీ చెవితోనే నేర్చుకున్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవి కింది ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకుంటే, లోపల ఏ బుష్ అరిగిందో, ఏ స్క్రూ వదులైందో డాక్టరు చెప్పినట్టు చెప్పేవాడు.

చెప్పేవాడు అనే అనాలి. రెండేళ్ల కిందట ఎడమ చెవి పోయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. పుష్పమ్మ తానే కనిపెట్టింది. "ఊళ్లె అందరి మిషన్ల సొద ఇంటవు, నా మాట ఒక్కటే ఇనవు" అని మొదట్లో దెప్పేది. ఒకరోజు ఉన్నట్టుండి దెప్పడం మానేసి, కుడిపక్కకు వచ్చి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ రోజు తుకారాం అన్నం సయించక లేచిపోయాడు.

ఒక చెవి పోతే చప్పుడు సగమైపోతుందని అతను అనుకున్నాడు. అలా కాలేదు. చప్పుడు బాగానే వినబడుతోంది, కాకపోతే ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. రోడ్డు మీద హారను కొడితే బండి ముందుందో వెనకుందో తెలియక బెదురుగా నిలబడిపోతున్నాడు.

పంపు గొట్టం చుడుతుండగా ఫోను మోగింది. కుడి చెవికి పెట్టుకున్నాడు.

"తుకారాం, నేనయ్యా, చిలకలగూడ ఎలీసబెతమ్మని. ఆయనకి తొమ్మిది రాత్రుల్నించీ కంటిమీద కునుకు లేదు. ఆ మిషను ఒకటే గరగర. ఆపితే ఉక్కకి ఊపిరాడదు, వేస్తే ఆ మోతకి నిద్ర పట్టదు. ఇవాళ ఒక్కసారి రాగలవా?"

"వస్తనమ్మా. కాప్రాల ఒక ఇల్లున్నది, దాన్ని రేపటికి జరుపుత. గంటల మీ తాన ఉంట."

ఎలీసబెతమ్మ భర్త జెరెమియా గారు గూడ్సు రైళ్ల గార్డుగా పనిచేసి రిటైరై పద్దెనిమిదేళ్లయింది. ఆ ఇంట్లో మొదటి మిషను బిగించింది తుకారామే, అది పాడైతే రెండోది బిగించిందీ అతనే. ఆయన్ని ఊళ్లో వాళ్లు ఏమని పిలుస్తారో గాని తుకారాంకు మాత్రం గార్డ్ సాబ్. ఫోనులో 'ఏసీ' అని కాకుండా 'తుకారాం' అని రాసుకున్న ఇల్లు అదొక్కటే. ఆయనకు శీతాకాలం నుంచి గుండె నీరసించి, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. ఆసుపత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెడితే పీకేస్తున్నాడు. ఆయన ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే, కాస్త నిద్ర.

ఏప్రిల్ చివరి వారం ఎండ. తుకారాం వెళ్లేసరికి పన్నెండయింది. గదిలోకి అడుగు పెట్టి ఒక్క క్షణం ఆగిపోయాడు. తలుపు నిండా నిలబడే ఆరడుగుల మనిషి, మంచంలో ఒక మూలకు సరిపోయేంత అయిపోయాడు. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పైన గోడకు మిషను గరగరలాడుతోంది.

"తుకారామా?" తల తిప్పకుండానే అన్నాడు. "ముప్పై ఆరేళ్లు గూడ్సుబండి చివరిపెట్టెలో ఆ మోత మధ్యే బతికినోణ్ణి. ఇప్పుడీ కాస్త గరగరకి నిద్ర పట్టట్లేదంటే నవ్వొస్తోందయ్యా."

"నవ్వుండ్రి సాబ్. దాని నోరు నేను మూయిస్త."

"ఎంతసేపు?"

"గంట. గది వేడెక్కకముందే అయిపోతది."

మాటైతే ఇచ్చాడు. ఆ గది సంగతి అతనికి తెలుసు. పడమటి గోడకు రెండు దాటితే ఎండ కొడుతుంది, మిషను లేకపోతే మంచి ఆరోగ్యంగా ఉన్నవాడే ఉండలేడు. చెప్పిన గంటలో చప్పుడు పోవాలి. పోకపోతే పదో రాత్రి కూడా ఆ మనిషి ఇలాగే గోడను చూస్తూ పడుకోవాలి.

మిషను ఆపాడు. ఎలీసబెతమ్మ తడిగుడ్డతో భర్త మెడ తుడిచి, సీలింగు ఫ్యాను వేసి, జావ కాచుకు వస్తానని వంటింట్లోకి వెళ్లింది. తుకారాం మిషను కింద నీళ్లు పట్టే ప్లాస్టిక్ సంచీ కట్టాడు. ముందు మూత తీశాడు, జాలీలు తీశాడు. లోపల గాలిని తోసే, పొడుగ్గా రోకలిలా ఉండే బ్లోయర్‌ను మెల్లగా పక్కకు లాగి బయటికి తీశాడు. దాని రెక్కల మధ్య దుమ్ము మెత్తటి దూదిలా పట్టి ఉంది. బాత్రూములోకి తీసుకెళ్లి ఒక్కొక్క రెక్కా కుంచెతో తోమాడు. చివరన ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి ఒరిగింది, అదే గరగరకు మూలం. పనిముట్ల సంచీలోంచి కొత్తది తీసి వేశాడు. అన్నీ మళ్లీ బిగించి మిషను వేసేసరికి నలభై నిమిషాలైంది. తనను తానే మెచ్చుకున్నాడు.

గర్... ర్.

తుకారాం మొహం వాడిపోయింది. ఇదివరకటి చప్పుడు కాదు, సన్నగా ఉంది, ఆగి ఆగి వస్తోంది, కాని ఉంది. స్టూలెక్కి స్క్రూడ్రైవర్ మోటారు మీద ఆనించి పిడి చెవి కింద పెట్టుకున్నాడు. మోటారు నున్నగా తిరుగుతోంది. రెండో కొసన ఆనించాడు. అక్కడా ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ తీసేస్తే మాత్రం గదిలో ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. మిషను ఆపి, విప్పి, స్క్రూలన్నీ మళ్లీ బిగించాడు. ఆ విప్పే బిగించే సందడిలో ఇంకేదీ చెవిన పడలేదు. మూత కింద రబ్బరు ముక్క పెట్టాడు. వేశాడు. గర్... ర్. నలభై నిమిషాలు కాస్తా గంటం పావైంది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈ చెవితో ఇక ఈ పని చేయలేనేమో అని మొదటిసారి భయం వేసింది. ఈ ఒక్క ఇంట్లో తప్పిపోతే ఎట్లా అనుకున్నాడు.

మూడోసారి విప్పుదామని గోడ దగ్గరి స్విచ్చే ఆపేశాడు. బ్లోయర్ నెమ్మదించి ఆగింది. గాలి రెక్క తెరిచింది తెరిచినట్టే నిలిచిపోయింది.

గర్... ర్.

తుకారాం స్టూలు మీదే కొయ్యబారిపోయాడు. కరెంటే లేని మిషను ఎట్లా మోగుతుంది? కుడి చెవిని గది నాలుగు దిక్కులా తిప్పాడు. తర్వాత మెల్లగా దిగి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బాగున్న చెవిని గార్డ్ సాబ్ వీపుకు దగ్గరగా పెట్టాడు.

ముప్పై ఆరేళ్లలో ఎన్ని వేల మిషన్లు విన్నాడో లెక్క లేదు, మనిషిని ఎన్నడూ వినలేదు. లోపల ఎక్కడో నీటి అడుగునుంచి లాగినట్టు ఊపిరి పైకొస్తోంది, ఒక క్షణం నిలుస్తోంది, గరగరమంటూ దిగుతోంది. ఆగుతోంది. ఇక రాదేమో అనుకునేలోపు మళ్లీ బయలుదేరుతోంది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఒక్క పూట కూడా ఎవరూ ఆపలేదు, విప్పలేదు, కడగలేదు. రైలు ఊగుతున్నా, మనిషి నిద్రపోతున్నా, దాని మానాన అది నడుస్తూనే వచ్చింది. ఇంత పని ఇన్నేళ్లు తనలో కూడా జరుగుతోందని, తాను ఒక్కసారైనా చెవి పెట్టలేదని తుకారాంకు తోచింది. దండం పెట్టాలనిపించింది. పెట్టాడు కూడా.

తలెత్తేసరికి ఎలీసబెతమ్మ జావగిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"మిషన్ చప్పుడు ఎప్పుడో పోయిందమ్మా," అన్నాడు లేస్తూ. "ఇగ ఉన్నది సాబ్‌దే. నాకు సమజ్ కాలే. నా ఎడమ చెవి పనిచేస్తలేదు, రెండేండ్లాయె. ఎవ్వరికి చెప్పలే."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది.

"నీ చెవిదేం తప్పు లేదయ్యా. రెండూ కలిసే మోగేవి. నాకు రెండు చెవులూ ఉన్నాయి, ఏది ఏదో నాకు తెలుసు. మిషన్నే అనుకుందాం, తుకారాం వస్తే బాగవుతుందనుకుందాం అనిపించింది. అందుకే నీకు ఫోను చేశా."

మంచం మీద గార్డ్ సాబ్ ఇటు తిరగడానికి ప్రయత్నించాడు. ఇద్దరూ పట్టుకుని తిప్పారు.

"అయిందా?" అన్నాడాయన.

"అయింది సాబ్." తుకారాం స్విచ్చి వేసి, బల్ల మీది రిమోటు తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. "మీరే నడిపియ్యుండ్రి."

ఇన్నేళ్లుగా సర్వీసింగు అయిన ప్రతిసారీ ఆయన గుమ్మంలో నిలబడి, పచ్చజెండా ఊపినట్టు చెయ్యెత్తి, "రైట్" అనేవాడు. అప్పుడే మిషను వేయాలి. ఇవాళ చెయ్యి లేవలేదు. బొటనవేలు మీట మీద రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. మిషను ఒక్క కూత కూసి రెక్క తెరిచింది. చల్లగాలి మంచం మీదికి దిగింది. దాని నుంచి చప్పుడన్నది రాలేదు.

ఆయన వింటూ ఉండిపోయాడు. "రైట్," అన్నాడు, వినీ వినబడకుండా. కళ్లు మూతలు పడ్డాయి.

తుకారాం తడిసిన సామాను మాత్రం బాత్రూములోకి చేరేసి, నల్లనీళ్లు పారబోసి, నేల కడిగి, గోడ మీద పడ్డ చుక్కలు తుడిచాడు. అరగంట పట్టింది. పనిముట్లు తీసుకోవడానికి తిరిగి గదిలోకి వచ్చాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గుమ్మంలోనే నిలబడిపోయి, తన పనికి తానే మురిసిపోయాడు. ఇంత సాఫుగా నడిచే మిషనును తన సర్వీసులో వినలేదు అనుకున్నాడు. బాగున్న చెవితో ఇంకోసారి విన్నాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. అప్పుడు మంచం వైపు చూశాడు.

ఎలీసబెతమ్మ భర్త పాదాల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"నిద్రలోనే పోయారు తుకారాం. పావుగంటయింది. నిద్రయితే పట్టింది."

అతను తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఏదో ఒకటి అడగాలి గనక, "మిషన్ బంద్ చెయ్యాల్నా అమ్మా?" అని అడిగాడు.

"వద్దు. ఏలూరు నుంచి మా తమ్ముడు రావాలి. అప్పటిదాకా ఉండనీ."

వచ్చేటప్పుడు బాల్కనీలో దించిన పంపు కోసం వెళ్లాడు. అవుట్‌డోర్ మిషను మీదుగా వేడిగాలి మొహానికి తగిలింది. గాలి వేడిని బట్టి లోపలి సంగతి చూసుకోవడం అలవాటు, అరచెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టి, తీయలేకపోయాడు. ఈ మిషను చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని మోసుకొచ్చి బయట దించుతుంది, అంతే. ఆ సంగతి పనిలో చేరిన మొదటి వారమే తెలుసు. ఆ గదిలో ఇప్పుడున్న వేడి ఎవరిది? ఆ మనిషి చల్లబడుతున్నాడు. ఆయన ఒంటి వెచ్చదనమే, కొంచెం కొంచెంగా, తన చేతి మీదుగా వెళ్లిపోతోంది. పిట్టగోడ దాటి, చిలకలగూడ డాబాల మీదుగా, ఆ ఎండలో కలిసిపోతోంది. తుకారాం కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరచిపోయాడు. అరచేతిని అలాగే పట్టుకుని, ఇంతటి దాని పక్కన ఇన్నేళ్లు పనిచేశానా అని విస్తుపోతూ నిలబడ్డాడు.

మూడింటికల్లా చర్చి వాళ్లు వచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే తుకారాం పంపు భుజాన వేసుకుని చేతులు కట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక ఎవరో ఆవిడ గార్డ్ సాబ్ చేతులు గుండెల మీద సర్దబోయి, కుడిచేతి వేళ్లు విప్పబోయింది. ఎలీసబెతమ్మ వద్దన్నట్టు తల ఊపింది.

ఆ వేళ్ల మధ్య రిమోటు ఉంది. దాని చిన్న అద్దంలో ఇరవై ఆరు అంకె కనిపిస్తోంది.